బుడగ ఉన్న కారు

గేటు చప్పుడైతే చాలు, సారవ్వ గుండె జారిపోతుంది.

ఆ మధ్యాహ్నమూ అంతే. కొడుకు కిషన్ బొగ్గుబావి షిఫ్టు దిగి ఇంకా రాలేదు. గేటు దగ్గర ఎవరో తెల్లగడ్డం ఆయన, నెత్తిన తడి రుమాలు.

"మా కిషన్‌కేమన్న అయిందా?"

"లేదు చెల్లె. ఆయన నడిపే తెల్ల కారు ఈడనే ఉంటదా?"

"నువ్వెవరు?"

"గులాం అలీ. ఆ బండి మొదట నాదే. కాగితాలు ఇంకా నా పేరు మీదనే ఉన్నయి."

సారవ్వ గేటు గొళ్ళెం గట్టిగా పట్టుకుంది.

నిజమే. బ్రోకర్ ఎల్లేశం దగ్గర కొన్న బండి. పేరు మార్పించమంటే, వచ్చే నెల వచ్చే నెల అంటూనే ఉన్నాడు కిషన్.

బైకు మీద డ్యూటీకి పోతూ బొగ్గు లారీ పక్కన జారిపడి వాడి కాలు విరిగింది. అప్పటినుంచి పోరి పోరి కారు కొనిపించింది తనే. గుద్దితే స్టీరింగులోంచి బుడగ లేచి కాపాడుతుందని ఎల్లేశం చెప్పాడు. ఆ బుడగ మీద భరోసాతోనే ఆమెకు కాస్త కునుకు పడుతోంది.

"కారు మంచిర్యాల తీస్కపోవాలె చెల్లె. ఒక్క పూట ఇస్తె..."

"ఇస్తె మళ్ళ తెస్తవా?"

"జర నా మాట విను. ఆ స్టీరింగుల..."

"ఏం వినేది? కారు లేదు. అమ్మేసినం!"

"ఎవరికి?"

నోటికొచ్చిన ఊరు చెప్పింది. "శ్రీరాంపూర్‌ల ఎవరో. పేరు యాదికి లేదు."

ఆయన ముఖం పాలిపోయింది.

"కొన్న పిలగాడు రోజు నడుపుతడా?"

"నడపక, దాసుకోనీకె కొంటరా? పో!"

ధడాలున తలుపేసింది.

సాయంత్రం సంగతి విని కిషన్ నవ్వాడు. "పెద్దమనిషి ఎందుకొచ్చిండో అడగకపోతివా అమ్మా?"

"అడిగితె కారు పోయేది."

"నువ్వు పోలీసుల్ల ఉండాల్సింది."

ఆ రోజు నుంచి కారు కిషన్ చిన్నమ్మ ఇంటి వెనక, తాడిపత్రి పట్టా కప్పుకొని ఉంటోంది. అయినా సారవ్వకు నిమ్మళం లేదు.

ఒకరోజు కూరగాయల మార్కెట్‌కు ఆ కారులోనే పోయింది. స్టీరింగు వెనక మీటర్ల అద్దం మీద ఏదో చూసి ఉలిక్కిపడింది.

"నా బొట్టుబిళ్ళ గీడెందుకున్నదిరా?"

ఆమె గోటితో పీకింది. కింద చిన్న ఎర్రలైటు వెలుగుతోంది.

"గదా? ఊకె కండ్లల్ల పడుతుందని అంటించిన. బండి మంచిగనే నడుస్తుందమ్మా!"

"ఎర్రలైటంటె ఊకెనే వెలుగుతదా? ముందు చూపియ్యి!"

తిండి మానేసి కూర్చుంటే గానీ కిషన్ కదలలేదు. మంచిర్యాల సర్వీస్ సెంటర్‌కు తనూ వెంటపోయింది.

అక్కడి ఇంజనీరు భవ్య స్టీరింగు విప్పించి చూసింది.

"లైటు వెలిగింది వైరు పోయినందుకు. కానీ అసలు భయం అది కాదండీ. బుడగను ఉబ్బించే మందు ఏళ్ళ తరబడి వేడికి చెడిపోతుంది. ఈ రకం పాతవి పరీక్ష చేస్తే, ఆ మందుండే డబ్బా పగిలి ఇనుప ముక్కలు చిమ్మాయి. చిన్నగా గుద్దినా అవి మెడలో దిగుతాయి. ఇది మార్చాల్సిందే."

సారవ్వ చెయ్యి కొడుకు మెడ మీదికి పోయింది.

"మాకెవ్వరు చెప్పలేదు బిడ్డ!"

"రికార్డులో ఉన్నాయనకు చెప్పాం. ఎప్పుడో అమ్మేశాం, మాకేంటి సంబంధం అని చాలామంది ఫోన్ పెట్టేస్తారు. ఈయనొక్కరే, ఎక్కడున్నా వెతికి పంపిస్తానన్నారు. గులాం అలీ గారు."

సారవ్వ భవ్య చేతిలోని ఫోన్ చూపించింది.

"జల్ది ఫోన్ కలుపు బిడ్డ. కారు దొరికిందని చెప్పు. నేనే తప్పు..."

భవ్య స్పీకర్ పెట్టింది. ఎత్తింది ఆయన భార్య మెహరాజ్ బేగం.

"దవాఖానల ఉన్నడు బేటీ, వడదెబ్బ తాకింది. కండ్లు తెరిస్తె చాలు లేవబోతున్నడు, శ్రీరాంపూర్‌ల ఇంకా రెండు గల్లీలు మిగిలినయంట, ఆ పిలగాడు కారు తీయకముందే పోవాలెనంట."