పన్నెండో కంప్యూటరు

“వీళ్ళు మనల్ని కోర్టుకు లాగుతార్రా. ఆఫీసుకు తాళం వేయిస్తారు,” అంది తల్లి, సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన కవరు ఇంకా చింపకుండానే. లైసెన్సుల గురించి ముందే ఎవరినైనా సలహా అడిగి ఉంటే ఈ గండం ఉండేది కాదని కూడా అంది. సలహా అడగమని ఆమె రెండు నెలలుగా పోరుతూనే ఉంది.

కొడుకు కవరు చింపి చదివాడు. ఇళ్ళ ప్లాన్లు గీసే అతని చిన్న ఆఫీసువాళ్ళు తమ సాఫ్ట్‌వేర్‌ను పన్నెండు కంప్యూటర్లలో పెట్టుకుని, అయిదింటికే లైసెన్సులు కొన్నారని, పది రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ రాసింది. అతని మొహం జేవురించింది. ఉత్తరం తీసుకెళ్ళి, ఆఫీసులో ఏళ్ళ తరబడి ప్లాన్లు గీస్తున్న స్కేలు బాబాయి బల్ల మీద విసిరికొట్టాడు.

“జీతం పెంచలేదని ఇంత పని చేస్తావా బాబాయ్? తాళాలు అక్కడ పెట్టి వెళ్ళు.”

చెవి మీద పెన్సిలు, జేబులో స్కేలు లేకుండా ఆ పెద్దాయనను ఎవరూ చూసి ఉండరు. కంపెనీకి ఉప్పందించింది తాను కాదని ఒకే ఒక్కసారి చెప్పాడు. కొడుకు వినిపించుకోలేదు. అయితే సరేనని, ఆయన తాళాల గుత్తి బల్ల మీద పడేసి సొరుగు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

అంతలో కంపెనీ మనిషి ఫోను. పన్నెండింటికీ కొత్తగా లైసెన్సులు తీసుకుంటే గొడవ ఇక్కడితో ఆగిపోతుందన్నాడు. సాయంత్రం రమ్మని, సంతకం పెట్టేస్తానని కొడుకు ఒప్పేసుకున్నాడు. తల్లికి ఒళ్ళు మండింది.

“అమ్ముకునేవాణ్ణి సలహా అడిగితే తక్కువ కొనుక్కోమంటాడా? అటూ ఇటూ కాని మనిషిని అడుగు ముందు.”

“నీకేం తెలుసని మాట్లాడతావు? కాసేపు ఊరుకో.”

ఆమె ఊరుకోలేదు. పక్కింటి ఆడిటరును పట్టుకుని, మధ్యాహ్నానికల్లా లైసెన్సుల సంగతి తెలిసిన ఒక సలహాదారును తెచ్చి కూర్చోబెట్టింది. వచ్చినావిడ తాను ఏ కంపెనీ సరుకూ అమ్మనని, ఎవరి దగ్గరా కమీషను పుచ్చుకోనని ముందే చెప్పేసింది. ఏమీ అమ్మని మనిషితో మనకేం పని అని కొడుకు అందరికీ వినబడేలా విసుక్కున్నాడు. ఆవిడ పట్టించుకోకుండా బల్లబల్లకూ తిరిగి చూసింది. నాలుగింటిలో ఆ సాఫ్ట్‌వేర్ ఎవరూ తెరవడమే లేదట, తీసేస్తే సరిపోతుందట. రెండింటిలో ప్లాన్లు చూడటమే తప్ప గీయరట. ఉత్తినే చూడటానికి లైసెన్సే అక్కర్లేదట.

“మిగిలిన అయిదింటికీ ఉన్నాయి. మొత్తం పదకొండే కదా, ఆ పన్నెండోది ఎక్కడ?” అని అడిగింది.

ఇంట్లో తన మంచం పక్కనే ఉందని, ఆదివారాలు కొడుకు దాని ముందే కూర్చుంటాడని, ఆఫీసులో ఎవరికీ ఆ సంగతి తెలియదని తల్లి చెప్పింది.

“దుమ్ము తుడుస్తూ నేనే ఏదైనా నొక్కేశానేమోనమ్మా.”

స్కేలు బాబాయి సొరుగు సర్దడం ఆపి తల ఎత్తాడు.

సలహాదారు ఉత్తరం అడుగున ఉన్న సన్నక్షరాల మీద వేలు పెట్టింది. “దుమ్ము తుడిస్తే కంపెనీకి చేరిపోయే కబురు కాదిది. లైసెన్సుల మీద ఉచిత సలహా ఇస్తామని ఆ కంపెనీ వెబ్‌సైటులో ఒక ఫారం ఉంటుంది. ఎన్ని కంప్యూటర్లున్నాయో, ఎన్ని లైసెన్సులు కొన్నారో అందులో పూసగుచ్చినట్టు రాసి పంపారు. ఇదిగో, పోయిన నెల తేదీ. ఎవరు నింపారు?”

పైన ఫ్యాను కిరకిరలాడుతూ తిరుగుతోంది. సలహాదారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. తల్లి తన వేళ్ళను తానే అనుమానంగా చూసుకుంటోంది. కొడుకు తాళాల గుత్తిని స్కేలు బాబాయి వైపు జరిపాడు.

“ఆ తాళాలు తీసుకో బాబాయ్. అమ్మ పోరు పడలేక, ఎవరినో ఒకరిని సలహా అడుగుదామని ఆ ఫారం నింపింది నేనే.”