గడియ పెట్టుకో పిల్లా

తల తుడుచుకుంటూ స్నానాల గదిలోంచి వచ్చిన ఎసెనమ్‌కి వంటగదిలో ఇంటి యజమాని ఒగస్టిన్ కనిపించాడు.

చేతిలో తాళంచెవి. ముఖాన నవ్వు.

"కుళాయి కారుతోందేమో చూద్దామని వచ్చాను."

"ఏ కుళాయీ కారడం లేదు. తలుపు కొట్టి రావాలని తెలియదా?"

"నా ఇంటి తలుపు నేనే కొట్టుకోవాలా మేడమ్?"

ఆమెను ఎగాదిగా చూసి, తాపీగా బయటికి నడిచాడు.

భర్త సెలార్మ్ వైద్యం చదవడానికి వస్తే, అతని వెంట ఘనా నుంచి ఈ గ్రెనడా దీవికి వచ్చింది ఎసెనమ్. అతను పొద్దున్నే బస్సెక్కితే చీకటి పడ్డాకే ఇల్లు చేరేది. వచ్చిన కొత్తలో కాలేజీ వాళ్లు విద్యార్థులనూ, వెంట వచ్చిన భార్యలనూ భర్తలనూ కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పారు. సముద్రపు ఒడ్డుకు ఒంటరిగా వెళ్లొద్దు. చీకట్లో నడవొద్దు. తెలియనివాళ్ల కారెక్కొద్దు.

ఇంటి తాళంచెవి ఉన్నవాడే లోపలికొస్తే ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

సంగతి విని సెలార్మ్ తల పట్టుకున్నాడు.

"పరీక్షలు నెత్తిమీదున్నాయి ఎసే. ఇప్పుడు ఇల్లు మారడమంటే... కొన్నాళ్లు ఓర్చుకోలేవా?"

"ఓర్చుకోవడానికి ఇదేమన్నా తలనొప్పా?"

అతను సిగ్గుపడ్డాడు. "పోనీ, రేపు క్లాసు మానేసి ఇంట్లో ఉంటాను."

"రేపుంటావు. ఎల్లుండి?"

మర్నాడు ఎదురింటి వసారాలో ముసలావిడ ఎప్పట్లాగే కందికాయలు ఒలుస్తోంది. వీధంతా ఆమెను టాంటీ యూలా, అంటే యూలా అత్త, అంటుంది. ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా ఆగి పలకరించే ఊరిది. ఈవిడ మాత్రం ఎసెనమ్ పలకరింపుకి ఏనాడూ బదులివ్వలేదు. పొద్దస్తమానం ఈ ఇంటివైపే చూస్తూ కూర్చుంటుంది. ఎసెనమ్ గుమ్మంలో కనబడితే చాలు, ఒకటే అరుపు.

"గడియ పెట్టుకో పిల్లా!"

ఒగస్టిన్ పెట్టిన కాపలా మనిషే అయ్యుంటుందని ఎసెనమ్ ఎప్పుడో అనుకుంది. ఆ రోజు నేరుగా వీధి దాటి వెళ్లి ఆమె ఎదురుగా నిలబడింది.

"నిన్న ఆయన నా ఇంట్లోకి రావడం చూశారు కదా?"

"చూశాను."

"మరి ఒక్క కేక వెయ్యలేకపోయారా?"

"రోజూ వేస్తూనే ఉన్నానుగా, గడియ పెట్టుకోమని."

"ఎక్కడ పెట్టుకోను? మా తలుపుకి లోపల గడియే లేదు!"

ముసలావిడ చేతిలో కాయ ఆగిపోయింది.

"పీకేశాడా?" అంది పళ్లు బిగించి. "వెళ్లి కొనుక్కో. మళ్లీ వస్తే నన్ను పిలు."

"నేనెవర్నీ పిలవను. నాకూ నోరుంది."

"ఉంటే మంచిదే," అని మళ్లీ కందికాయల్లో పడిపోయింది ఆవిడ.

ఎసెనమ్ ఇనుప సామాన్ల కొట్టుకి వెళ్లి, ఉన్నవాటిలోకెల్లా లావుపాటి గడియ తెచ్చింది. అరచేతులు బొబ్బలెక్కేదాకా తనే స్క్రూలు బిగించింది.

ఆ వారంలోనే ఒగస్టిన్ వచ్చాడు. తాళం తిరిగింది. తలుపు కదల్లేదు. భుజంతో నెట్టాడు. అయినా కదల్లేదు.

"ఎవర్నడిగి గడియ వేయించావు? ఇది నా ఇల్లు!"

ఎసెనమ్ కిటికీ రెక్కలు బార్లా తెరిచింది.

"ఇల్లు నీదే. లోపలున్న మనిషిని నేను!"

"గొంతు తగ్గించు. ఇది చిన్న దీవి మేడమ్. నేనొక్క మాట చెప్పానంటే మీకు ఇల్లిచ్చేవాడుండడు. నీ మొగుడు ఇసకలో పడుకుని చదువుకోవాలి."

"చెప్పు, ఇక్కడే చెప్పు! నేనూ ఒక మాట చెబుతాను. అమ్మా, అయ్యా, అందరూ రండి! మా ఆయన ఇంట్లో లేని వేళ చూసుకుని ఈయన నా తలుపు ఎందుకు తీస్తున్నాడో అడగండి!"

వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి. చేపలమ్మే ఆవిడ గంప దించి నిలబడింది. ఒగస్టిన్ నవ్వు మాత్రం చెదరలేదు.

అప్పుడు టాంటీ యూలా వసారా దిగింది. ఆమె మెట్లు దిగగా ఎసెనమ్ ఎన్నడూ చూడలేదు. కుర్చీని బరబరా ఈడ్చుకుంటూ వీధి దాటి, ఎసెనమ్ గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చుంది. ఒగస్టిన్ కళ్లలోకి చూస్తూ అరచెయ్యి చాపింది.

అతని ముఖం వాడిపోయింది. నేల చూపులు చూస్తూ తాళంచెవి ఆ చేతిలో పెట్టి, వెనక్కి తిరక్కుండా వెళ్లిపోయాడు.

ఎసెనమ్ గడియ తీసింది. ముసలావిడ తాళంచెవి అందించింది.

"మీరు రాకపోయినా వాణ్ణి తరిమేసేదాన్ని," అంది ఎసెనమ్, ఇంకా రొప్పుతూనే.

"తరిమేసేదానివే. గట్టి గొంతు నీది."

కుర్చీ ఈడ్చుకుంటూ ఆవిడ తన వసారాకి వెళ్లిపోయింది. ఎసెనమ్ కృతజ్ఞత చెప్పలేదు.

ఒగస్టిన్ మళ్లీ రాలేదు. సెలార్మ్ పరీక్షలు గట్టెక్కాడు. కాలేజీకి కొత్తగా వచ్చిన వాళ్ల ఇళ్లకు ఎసెనమ్ స్క్రూడ్రైవర్ పట్టుకెళ్లి గడియలు బిగించేది. బిగిస్తూ తన కథ చెప్పేది.

"భయపడకండి. నోరు తెరవండి. నేనరిచిన అరుపుకి వాడు తాళంచెవి ఇచ్చేసి పోయాడు!"

ఆ కథలో ముసలావిడ ఉండేది కాదు.

వానాకాలంలో ఎదురింటి వసారా ఖాళీ అయింది. టాంటీ యూలాను ఆసుపత్రికి తీసుకెళ్లారన్నారు. వెళ్లి చూడాలనుకుంటూనే ఎసెనమ్ రోజులు దొర్లించింది.

ఒక ఉదయం అరటికాయ ముక్కలు వేయిస్తుండగా, పక్కింటి రేడియోలో రోజూ వచ్చే మరణవార్తలు మొదలయ్యాయి. యూలా అన్న పేరు చెవిన పడగానే ఎసెనమ్ పొయ్యి ఆపి, కిటికీ దగ్గరికి నడిచింది.

"టాంటీ యూలాగా మనందరికీ తెలిసిన యూలా బెడో ఇక లేరు. కీర్తిశేషుడు జెరోమ్ భార్య, డోర్కస్‌కు అక్క..." ఆ గొంతు మిగిలిన ఒక్క పేరూ చదివింది. "ఇళ్ల యజమాని ఒగస్టిన్‌కు కన్నతల్లి."