నలభై అడుగుల మృగం, ఒక గొంతు

భర్త తెలివితేటలు కొలవాలంటే ముందు ఆ ఇంటి కాలింగ్ బెల్లు నొక్కి చూడాలని ఆ ఇల్లాలి అభిప్రాయం.

వాళ్ళింటి బెల్లు మూగబోయి ఎనిమిది నెలలు.

ఆయనగారు మాత్రం థీమ్ పార్కులో నలభై అడుగుల బొమ్మ మృగాన్ని అరిపించే పనిలో తలమునకలుగా ఉన్నాడు.

భోజనాల దగ్గర కూడా ఫోను తీసి, "ఇది విను. ఏనుగు, దాని కింద రోడ్డు రోలరు" అనేవాడు.

"బాగానే ఉంది. కూర వేసుకోండి."

"ఇదో? పులి గాండ్రింపును వెనక్కి తిప్పి వేశాం."

"మీ అమ్మగారు తుమ్మినట్టుంది."

"మధ్యలో మా అమ్మనెందుకు లాగుతావు?"

అలా అరుపుల లెక్క రెండువందల పన్నెండుకు చేరింది.

ఆ మృగం ముప్పై అయిదేళ్ళ కిందటి సినిమాలోది. గుడ్లు పోగొట్టుకున్న ఒక గుహ మృగం కథ. చిన్నప్పుడు దాన్ని చూసి ఏడ్చినవాళ్ళంతా ఇప్పుడు పిల్లల్ని వెంటబెట్టుకుని రావాలని, సినిమాలోని వీధుల్నీ కొండనీ గుహనీ థీమ్ పార్కులో కట్టేశారు.

నాలుగేళ్ళ పని. అన్నీ అచ్చుగుద్దినట్టు కుదిరాయి, మృగం గొంతు తప్ప.

అసలు టేపు ఎప్పుడో వానలో తడిసి పాడైపోయింది. సినిమాలోంచి తీద్దామంటే అరుపు మీద సంగీతం అంటుకుపోయి ఉంది.

ఆదివారం ప్రారంభం. శనివారం సినిమా కంపెనీ తరఫున ఒక పెద్దాయన వచ్చి విని, సరేనంటేనే మృగం జనం ముందుకు వస్తుంది. లేదంటే గుహకు తెర.

గురువారం భర్త క్యారియర్ మరిచిపోయి వెళితే, అది పట్టుకుని ఆవిడే పార్కుకు వెళ్ళింది.

గుహలో, మృగం నోట్లోని స్పీకర్లకు కలిపిన మైకు బల్ల పక్కనే, నిచ్చెన మీద కూర్చుని ఒక ముసలావిడ మృగం మెడ చర్మం కుడుతోంది. అక్కడందరికీ ఆవిడ సూదిమామ్మ.

"మామ్మగారూ, కర్టెన్లు కూడా కుడతారా?" అని ఇల్లాలు కబుర్లలో పడి ఫోన్ నంబరు కూడా తీసుకుంది.

మధ్యాహ్నం అందరూ బయట షెడ్డులో భోజనాలకు కూర్చున్నారు.

అప్పుడు గుహలోంచి అరుపు వచ్చింది.

కోపంగా మొదలై, మధ్యలో విరిగి, చివరికి ఎవరినో పిలుస్తున్నట్టు ఆగిపోయింది.

ఇల్లాలి చేతిలోంచి క్యారియర్ మూత జారింది. వెల్డింగ్ చేసేవాళ్ళు లేచి నిలబడ్డారు.

"అదే! అదే!" భర్త గుహలోకి ఒకటే పరుగు. "ఏ ఫైలు? ఏ ఫైలు వేశారు?"

"నేనేం వేయలేదు సార్" అన్నాడు వెనకే పరిగెత్తుకొచ్చిన సౌండ్ ఇంజనీరు. "నా చేతిలో ముద్ద కూడా అలాగే ఉంది, చూడండి."

"అయితే దానంతటదే మోగింది! కంప్యూటర్ మొత్తం వెతకండి. నాలుగువేల ఫైళ్ళైనా సరే!"

సూదిమామ్మ మెల్లగా నిచ్చెన దిగింది. "బాబూ, అది..."

"భయపడ్డారా మామ్మా? ఉత్త శబ్దమే, ఏం చేయదు."

"అది కాదు నాయనా. మళ్ళీ కావాలంటే ఇవాళే. రేపట్నుంచి నాకు కుదరదు."

"మీ కుట్టుపని అయిపోయిందిగా! హాయిగా ఇంటికెళ్ళి పడుకోండి."

"ఏవండీ, ఆవిడేదో చెప్పబోతున్నారు. కాస్త వినొచ్చుగా" అంది భార్య.

"స్పీకర్ల సంగతి ఆవిడకేం తెలుస్తుంది? నువ్వుండు కాసేపు... ఆ ఫోల్డర్ తెరవండయ్యా!"

మామ్మ సూదుల డబ్బా సంచిలో వేసుకుంది. మృగం మెడ ఒకసారి నిమిరి వెళ్ళిపోయింది.

శుక్రవారమంతా వెతుకులాటే. నాలుగువేల ఫైళ్ళూ విన్నారు. దొరికితే ఒట్టు.

శనివారం పనివాళ్ళ కుటుంబాలకు పార్కు ముందుగా చూపించారు. ఇల్లాలు గుహ దగ్గరే ఉంది.

కంపెనీ పెద్దాయన వచ్చాడు. ఆ సినిమాకు శబ్దాలు రికార్డు చేసినవాడే. కళ్ళు మూసుకుని రెండువందల పన్నెండో అరుపు విన్నాడు.

"ఏనుగు బాగా అరిచింది. కానీ ఇది కాదు" అన్నాడు.

"ఒక్కరోజు గడువివ్వండి సార్. మొన్న సరిగ్గా ఆ గొంతే వచ్చింది. ఏ ఫైలో దొరకడం లేదు."

"అప్పుడు గుహలో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు సార్. మెడ కుట్టే మామ్మ తప్ప."

పెద్దాయన కుర్చీలోంచి చటుక్కున లేచాడు. "కుట్టే ఆవిడా? నేను మాట్లాడాలి. ఇప్పుడే!"

"నా దగ్గర నంబరుంది" అంటూ ఇల్లాలు ఫోన్ కలిపి, అందరికీ వినపడేలా పట్టుకుంది.

మామ్మ కూతురు ఎత్తింది. "అమ్మ మాట్లాడలేదండీ. నిన్న గొంతు ఆపరేషన్ అయింది. ఇక మాట రాదని డాక్టర్లు ముందే చెప్పారు. ఈలోగా ఒక్కసారి ఆ గుహకు వెళ్ళి రావాలని, ఆ కుట్టుపని అడిగి మరీ తీసుకుంది."



"గుహకు తెర దించేయండి" అన్నాడు పెద్దాయన.

తన ఫోనులో ఒక పాత ఫోటో తీసి భర్త చేతిలో పెట్టాడు. అందులో మైకు ముందు నోరు తెరిచి నిలబడ్డ ఒకావిడ, చేతిలో సూదీ దారం.

భర్త అది చూసి బల్ల మీది మైకు అందుకున్నాడు. అతని మాటలు మృగం నోట్లోంచి గుహంతా వినిపించాయి.

"తప్పు నాదే. చెప్పడానికి వచ్చిన మనిషిని నేనే ఇంటికి పంపేశాను. ఆ సినిమాలో అరిచింది మన సూదిమామ్మే."