రేకు డబ్బాలో ఎర్ర క్లిప్పు

"అమ్మా, నా క్లిప్పు బొమ్మలాయన దగ్గరుంది."

జడ అల్లుతున్న తల్లి చేతులు ఆగిపోయాయి.

"నీకెలా తెలుసే?"

"పుస్తకంలో దాని బొమ్మ వేశాడుగా. భలే ఉంది!"



మూడో అంతస్తులో, వాళ్ల పక్క గదిలోనే అద్దెకుంటాడతను. తెల్లారగానే వరండా అంతా వంగి వంగి వెతుకుతాడు. గుండీ, పెన్సిల్ ముక్క, తుప్పు బోల్టు... ఏది దొరికినా రేకు డబ్బాలో వేస్తాడు. గుమ్మంలో కూర్చుని దాని బొమ్మ గీసి, పక్కన ఏదో రాసుకుంటాడు.

ఒక్కోసారి వరండా చివర చతికిలబడి చాలాసేపు ఉండిపోతాడు. సరిగ్గా చిన్నది స్కూలు బస్సొచ్చిందా అని కిందికి చూస్తూ నిలబడే చోటే!

"పాపం, పిచ్చి మారాజు. వదిలెయ్" అన్నాడు భర్త.

"ఆడపిల్ల క్లిప్పు దాచుకునే పిచ్చా?"

"గుండీలూ ఉన్నాయటగా. నా నీలం చొక్కాది ఉందేమో అడుగు."

ఆమెకు నవ్వు రాలేదు. సాయంత్రం ఓనర్ని వెంటబెట్టుకుని అతని గదికెళ్లింది.

డబ్బా తెరిస్తే పైనే ఉంది, ఎర్ర క్లిప్పు.

"చూశారా అన్నయ్యగారూ! నేను చెప్పలా?"

"అక్కయ్యగారూ, ఒక్క మాట వినండి. ఆ వరండా చివర..." అన్నాడు బొమ్మలాయన.

"నాతో మాట్లాడకు! మా పిల్ల ఛాయలకొచ్చావంటే ఊరుకోను."

"అది బాగుచెయ్యండి, ఇది బాగుచెయ్యండి అని వారం వారం నీ నస నాకూ చాలయ్యా. ఖాళీ చెయ్" అన్నాడు ఓనరు.

మర్నాడు అతను పెట్టె సర్దుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఆమె గుమ్మం ముందు తన బొమ్మల పుస్తకం పెట్టాడు.

"చివరి పేజీ ఒక్కసారి చూడండి, అక్కయ్యగారూ."

ముట్టుకోవాలంటేనే ఒళ్లు జలదరించింది ఆమెకు. పాత గుడ్డతో పట్టుకుని బీరువా మీదికి గిరాటేసింది.

చాలా కాలానికి, నాలుగు రోజులు కంటినిండా నిద్రపోయింది.

ఐదో రోజు పొద్దున్నే, "బస్సొచ్చిందేమో చూస్తానమ్మా!" అంటూ చిన్నది వరండాలోకి పరుగెత్తింది.

బీరువా మీద దుమ్ము దులుపుతున్న తల్లి చెయ్యి తగిలి పుస్తకం కిందపడి తెరుచుకుంది.

చివరి పేజీలో తుప్పు బోల్టు బొమ్మ. దాని కింద గుండ్రటి అక్షరాలు:

"వరండా చివరి రెయిలింగ్ నుంచి ఊడిపడిన నాలుగో బోల్టు ఇది. పాప బస్సు కోసం చూస్తూ ఆనుకునేది ఆ రెయిలింగ్‌కే. ఓనరుకు ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. కట్టిన తీగ నాలుగు రోజులకే వదులైపోతోంది. పాప లేచేలోపు నేనే మళ్లీ బిగిస్తున్నాను."