దొర కొవ్వొత్తి

"పెళ్ళిలో నేనూ దొరా పట్టుకున్న కొవ్వొత్తులు రెండూ వెలిగించవే. కాన్పు తేలికవుతుందట," అని మూలిగింది మా దొరసాని జినైడా. రష్యా చక్రవర్తి జార్ కోట గుడిలో మహారాణి దగ్గరుండి చేయించిన పెళ్ళి అది.

దేవుడి పటాల వెనకనుంచి తీశాను. ఆవిడది నిండుగా ఉంది. దొరది బెత్తెడు ముక్క.

"ఇదెవరు కాల్చారే?"

"దొరే. నిరుడు మా అక్క అగాఫ్యాకి నొప్పులొస్తే తెచ్చి వెలిగించాడు. బిడ్డ తనదే కదా! బానిసదానికి కొవ్వొత్తి చాలన్నాడు, వైద్యుణ్ణి పిలవలేదు. ఇద్దరూ పోయారు."

ఆ ముక్కనీ వెలిగించాను. తర్వాత నొప్పి వచ్చినప్పుడల్లా దొరసాని దేవుణ్ణి కాదు, మా అక్కని పిలిచింది. "అగాఫ్యా, నన్ను వదిలెయ్యవే!"

ఆడపిల్ల పుట్టింది. దొర నవ్వుతూ వచ్చి, "మహారాణి పేరు పెడదాం," అన్నాడు.

"అగాఫ్యా," అంది దొరసాని. "మీరు బతికినన్నాళ్ళూ ఆ పేరే పిలవండి."