లేని దేవాంగపిల్లులు

“గిరిప్రసాద్‌కి ఏ ఫైలు పంపినావమ్మా?”

చక్రధర్ సార్ అడిగిన తీరుకే జాహ్నవికి అనుమానం వచ్చింది. కంప్యూటర్ తెరిచి చూసింది. పంపింది వేరే ఫైలు.

తిరుపతిలో ఆయన దగ్గరే ఆమె పరిశోధన. అడవిలో రాత్రిళ్లు చెట్ల మీద తిరిగే దేవాంగపిల్లులు ఎక్కడెక్కడ, ఎన్నెన్ని ఉన్నాయో అంచనా కట్టే పద్ధతి ఒకటి తయారుచేసింది. అది సరిగా పనిచేస్తుందో లేదో చూడటానికి కంప్యూటర్‌తో ఉత్తుత్తి దేవాంగపిల్లుల్ని పుట్టించింది. మ్యాపు మీద నూట ఇరవై చుక్కలు. అన్నీ కల్పితమే. వెతకాల్సిన చోట్ల నిజమైన జాబితాకు బదులు పొరపాటున ఆ ఫైలే వడమాలపేట గిరిప్రసాద్‌కి వెళ్లింది, కొండలెక్కి సరిచూసి రమ్మని.

“పది రోజులైంది సార్. ఈ ఎండల్లో, ఆ ముళ్లల్లో... లేని జంతువుల కోసం!”

“ఫోన్ చెయ్యి.”

“చేస్తానే ఉండాను సార్. కలవడం లేదు.”

మూడేళ్లుగా అడవి లెక్కలు తెచ్చిస్తున్నది గిరిప్రసాదే. పోయినేడు ఎలుగుబంటి తరిమితే పడి చెయ్యి బెణికిందని చెప్పి కూడా, కట్టుతోనే వచ్చి కాగితాలు ఇచ్చిపోయాడు. ఆ కాగితాల మీదే ఆమె థీసిస్ అంతా నిలబడి ఉంది. వచ్చే నెలలో సమర్పించాలి.

జాహ్నవి వడమాలపేట మీదుగా పోయే పుత్తూరు బస్సెక్కింది. దారి పొడవునా ఆ మనిషికి ఏమవుతుందోనన్న భయమే.

గిరిప్రసాద్ ఇంటి ముందరే ఉన్నాడు. అతన్ని చూడగానే ఆమెకు ఏడుపొచ్చింది.

“అన్నా, నన్ను క్షమించన్నా. పెద్ద తప్పు చేసినాను.”

“ఏందమ్మా ఇది! ముందు కూసో. నీళ్లు తాగు.”

“నిన్ను ఊరికే తిప్పినాను. నేను పంపిన ఫైలు...”

“తిరగడమే కదమ్మా మా పని! ఆరుగురం పోయినాం. ఎనిమిది దినాలు. కాళ్లు బొబ్బలెక్కినాయి, నిజమే. అట్లని నీ సదువు ఆగనిస్తామా?”

“అది కాదన్నా, ఆడ మీకు ఏమీ...”

“ఉండమ్మా.” అతను లోపలికి వెళ్లి, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా చుట్టిన కాగితాల కట్ట తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ముఖం వెలిగిపోతోంది.

“నువ్వు సుక్క పెట్టిన ప్రతి చోటా ఉండాయమ్మా!”