తాటిదోనె తాగిన విషం

కొల్లేట్లో అణుధూళి పడ్డ రోజుల సంగతి చెబితే మీరు నమ్మరు. కొర్రమీనును దండెం మీద వేలాడదీస్తే, అది చిమ్మే వెలుగులో మా ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరేది!

ముప్పై ఏళ్ళు గుర్రపుడెక్క ఆ విషాన్ని పీల్చింది. మేం దాన్ని పీకి కొండగుహల్లో పూడ్చాం. ఏటా ఒకసారి సరస్సు నడిమధ్యకు వెళ్ళి విషం తగిలితే టకటకలాడే టిక్కుపెట్టెతో కొలుస్తాం. అది మూగబోతేనే మళ్ళీ చేపల వేట. ఏడాదిలో తొలి ప్రయాణమైన ఆ కొలత మా తాత చెక్కిన తాటిదోనె మీదే చెయ్యాలని ఆనవాయితీ.

ఈ ఏడూ పెట్టె టకటకలాడింది. నాతో వచ్చిన డెబ్బై ఏళ్ళ నాంచారమ్మత్త ఒళ్ళు మండి, పెట్టె నెత్తిన పెట్టుకుని దోనె మీంచి పీకల్లోతు నీళ్ళలోకి దిగిపోయింది.

"అత్తా, చచ్చిపోతావ్! ఎక్కు!"

"నోర్ముయ్ అల్లుడూ, ఇను!"

ఆవిడ పది అడుగులు వేసింది. టిక్కు లేదు. దోనె దగ్గరికొస్తే టకటక. దూరం జరిగితే మళ్ళీ నిశ్శబ్దం.

"కొల్లేరు ఎప్పుడో కడుక్కుందిరా! ఇసమంతా మీ తాత దోనె తాగి కూకుంది!"

"ఇన్నేళ్ళూ దోనెని కొలిచి కొల్లేరుని తిట్టామా అత్తా?"

"మరే! దిగు ముందు!"

తాత దోనెను వదలడానికి ప్రాణం ఒప్పలేదు. అయినా దిగాను. నా పక్కనే ఒక కొర్రమీను గాలి కోసం పైకి తేలింది. దానికి వెలుగు లేదు. నల్లగా, మామూలుగా ఉంది.

మేమిద్దరం నోళ్ళు తెరుచుకుని దాన్నే చూస్తూ నిలబడిపోయాం.